మా రోజుల్లో కూలి అంటే మనిషి పేరు కాదు

మా రోజుల్లో కూలి అంటే ఒకరి కష్టానికి ఇంకొకరు తీర్చాల్సిన బాకీ. అది పొద్దుగూకేలోగా తీరాలి. అడగడంలో సిగ్గులేదు, ఎగ్గొట్టడంలోనే సిగ్గుంది. ఇప్పుడు అదే మాట ఇవ్వాల్సినవాణ్ణి వదిలేసి పుచ్చుకునేవాడి నెత్తికెక్కింది. కూలి అంటే తక్కువ మనిషి అయిపోయింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే పుట్టి పెరిగి, ఇక్కడి బళ్లలోనే పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ తారుమారు నా కళ్ల ముందే జరిగింది. దీనిమీద నాకు కోపముంది. ఆ కోపాన్ని దాచుకోవాలని కూడా లేదు.

మా చిన్నతనంలో ఉభాల రోజులొస్తే, అంటే వరినాట్లప్పుడు, ఊరంతా ఈ మాటే వినపడేది. కూలికెళ్లడం, కూలి కట్టడం, కూలి కొలవడం, కూలి గిట్టడం, కూలి గిట్టకపోవడం. మడి దిగేముందే ఆడవాళ్లు బుగతని, అంటే భూమి ఆసామిని, నిలేసి అడిగేవారు. "ఈయేడు కూలెంత బావూ? ముందు చెప్పండి, తరవాత దిగుతాం." సాయంత్రం కాళ్లకి బురద ఆరకముందే ఇంటి అరుగు దగ్గర కూర్చుండిపోయేవారు. "కొలిచీండి బావూ, పొద్దోయిపోతంది, పిల్లలు చూస్తుంటారు." కుంచాలు, అడ్డలు, తవ్వలు బయటికొచ్చేవి. కొలిచేటప్పుడు గింజ తలకట్టుగా పోశాడా, చేత్తో రాసేశాడా అని పది జతల కళ్లు చూసేవి. రాసి కొలిచిన బుగత పేరు మర్నాటికి చెరువుగట్టు దాకా పాకేది. కోతల నాటికి అతని చేలో దిగడానికి జనం వెనకాడేవారు.

అప్పట్లో ఈ మాట మట్టి పనికే పరిమితం కాదు. దర్జీకి ఇచ్చేది కుట్టుకూలి. సాలెవారికి ఇచ్చేది నేతకూలి. ధాన్యం దంచినందుకు దంపుడు కూలి, బస్తా మోసినందుకు మోతకూలి. పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడతో ఏకి, సన్నని నూలు వడికే ఆడవాళ్లు పుచ్చుకునేదీ కూలే. ఆ ఖద్దరు కట్టుకుని పెద్దపెద్దవాళ్లు సభల్లో కూర్చున్నారు. వడికినవాళ్లను ఎవరూ తక్కువగా చూడలేదు. మనిషిని చెప్పాల్సివస్తే కూలిమనిషి, కూలిజనం అని పక్కన మనిషిని, జనాన్ని చేర్చి చెప్పేవాళ్లం. కూలి వేరు, మనిషి వేరు. దీర్ఘం తీసి "కూలీ!" అని మనిషినే కేకెయ్యడం మేం మొదట విన్నది రైలు స్టేషన్లో.

ఇంగ్లీషువాళ్ల డిక్షనరీల్లో ఉన్న "కూలీ" మన దేశపు మాటే. హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్ అనే ఇద్దరు దొరలు 1886లో హాబ్సన్-జాబ్సన్ అనే పెద్ద నిఘంటువు అచ్చువేశారు. మన దేశం నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాటలెన్నో అందులో ఉంటాయి. కూలీ అనే మాటకు వాళ్లు రెండు పుట్టుకలు చూపించారు. ఒకటి గుజరాతు వైపు ఉండే కోలీలనే జనం పేరు. ఆ జనం పడమటి తీరంలో మోతలాంటి పనులు చేసేవారు, పోర్చుగీసువాళ్ల వల్ల ఆ పేరే మోసేవాళ్లందరికీ అంటుకుందని వాళ్ల ఊహ. రెండోది దక్షిణాదిలో తెలుగు, తమిళం, కన్నడం మూడింటిలోనూ ఉన్న కూలి. పడమటి తీరంలో మనిషి పేరు, తూర్పు తీరంలో జీతం పేరు ఒకే ధ్వనిగా వినిపించి, తెల్లవాడి నోట్లో రెండూ కలిసిపోయి ఉండాలి.

మన వైపు అర్థం ఎంత పాతదో తెలుసుకోవాలంటే తిరుక్కురళ్‌లో 619వ కురళ్ చూడాలి. దైవం కలిసిరాకపోయినా ఒళ్లు వంచి పడిన శ్రమకు తగిన ఫలం వచ్చితీరుతుందనే భావం అందులో ఉంది. ఆ ఫలానికి వాడిన మాట కూలి. తక్కువతనం నీడ కూడా లేదక్కడ. 1852లో సి.పి. బ్రౌన్ అచ్చువేసిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులోనూ కూలి అంటే జీతం, బాడుగ. వందల ఏళ్లు మన దగ్గర ఇంత శుభ్రంగా బతికిన మాట తెల్లవాడి దగ్గరకెళ్లి ఏమైందో పిల్లలకు చెప్పేవాళ్లు లేరు. అదే నా బాధ.

బ్రిటిషువాళ్లు 1833లో తమ వలస రాజ్యాల్లో బానిసత్వాన్ని రద్దుచేస్తూ చట్టం చేశారు. చెరకు తోటలు మాత్రం అలాగే ఉన్నాయి, నరికే చేతులు కావలసివచ్చాయి. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ 36 మందిని కలకత్తా నుంచి మారిషస్ చేర్చింది. అది మొదలు సుమారు వందేళ్లలో ఆ ఒక్క దీవికే నాలుగున్నర లక్షల మంది దాకా వెళ్లారు. వాళ్లు దిగిన రేవు మెట్లకు కూలీ ఘాట్ అని పేరుపెట్టారు. తర్వాత దాన్నే ఆప్రవాసీ ఘాట్‌గా మార్చారు, 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మారిషస్‌లో నేటికీ ఉగాదికి ప్రభుత్వ సెలవుందంటే, ఆ మెట్లమీద దిగిన తెలుగువాళ్ల చలవే.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అందులోనూ తెలుగువాళ్లున్నారు. 1911 వరకు నాటాల్‌కు వెళ్లినవాళ్లు లక్షా యాభై రెండు వేల పైచిలుకు. మనిషికో నంబరు, ఒక ఒప్పంద కాగితం. జీతం పేరు మనిషికి గట్టిగా అంటుకుంది ఇలాంటి చోట్లే. మన ఊళ్లో కూలి అంటే సాయంత్రం నేను పుచ్చుకునేది. అక్కడ కూలీ అంటే నేనే. కొలిచేది గింజలను కాదు, నన్ను. తోట దాటి వెళ్లాలంటే అనుమతి చీటీ ఉండాలి. పనికి రాకపోతే జరిమానా, జైలు. 1893లో గాంధీ అక్కడ దిగితే, లండన్‌లో చదివొచ్చిన ఆయన్నీ కూలీ బారిస్టరు అన్నారు. ఆయన ఏ పని చేస్తాడన్నది వాళ్లకు అక్కర్లేదు. మన దేశపు ఒంటిరంగు ఉంటే చాలు, అది కూలీయే. దక్షిణాఫ్రికాలో నేటికీ అది నోట రాకూడని తిట్టు.

అమెరికావాళ్లు చైనా పనివాళ్లను అదే పేరుతో పిలిచారు. 1862లో కాలిఫోర్నియాలో వాళ్లమీద పన్ను వేసిన చట్టం పేరులోనే కూలీ అనే మాట ఉంది. చైనావాళ్లు ఆ ధ్వనిని తమ లిపిలో రాసుకోవడానికి రెండు అక్షరాలు ఎంచుకున్నారు. ఒకదానికి అర్థం చేదు, రెండోదానికి బలం. ప్రపంచమంతా తిరిగొచ్చిన మన మాటకు మిగిలిన సంపాదన ఆ చేదే.

ఇవన్నీ దూరదేశాల సంగతులని మన జిల్లావాళ్లెవరూ అనుకోకూడదు. మా తాతల కాలంలో ఇక్కడ ఏ ఊరికెళ్లినా ఒకే మాట: "ఆడు రంగం ఎళ్లిపోనాడు." రంగం అంటే రంగూన్, అప్పటి బర్మా రాజధాని. బారువ, కళింగపట్నం, భీమిలి, విశాఖ రేవుల్లో ఓడలు ఆగేవి. వరికోతలైపోయి చేతిలో పనిలేని రోజుల్లో జనం మూట కట్టి ఎక్కేసేవారు. రంగం రేవులో బస్తాలు మోసింది, బియ్యం మిల్లుల్లో పనిచేసింది, రిక్షాలు లాగింది మనవాళ్లే. తీసుకెళ్లేది మేస్త్రీ. ఈ మేస్త్రీ అనే మాట పోర్చుగీసు నుంచి వచ్చింది, వాళ్ల భాషలో దానికి పనిలో ఆరితేరినవాడని అర్థం. మన రేవుల్లో అది ముందుగా అప్పిచ్చి మనిషిని కట్టేసుకునేవాడికి పేరైంది. ఓడ టిక్కెట్టు మేస్త్రీ అప్పు, మొదటి నెల తిండి మేస్త్రీ అప్పు. కూలి మొత్తం ముందు మేస్త్రీ చేతికి వెళ్లేది, తన వాటా పట్టుకుని మిగిలింది ఇచ్చేవాడు. కూలి అనే బాకీ తలకిందులై, పనిచేసినవాడే బాకీదారుడయ్యాడు.

1930 మేలో రంగం రేవులో తెలుగు కార్మికులు కూలి పెంచమని సమ్మెకట్టారు. ఓడల కంపెనీలు వాళ్ల జాగాలో బర్మావాళ్లను పెట్టుకున్నాయి. సమ్మె తీరి మనవాళ్లు తిరిగి పనికి రాగానే బర్మావాళ్లను పొమ్మన్నాయి. మే 26న రెండు జనాల మధ్య కొట్లాట రేగింది. వందమందికి పైగా చనిపోయారు, చచ్చినవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. ఒకే కూలికోసం ఒకరినొకరు చంపుకున్న ఆ ఇద్దరూ పేదవాళ్లే, లాభం ఓడలవాళ్లది. తరవాత 1941 డిసెంబరు 23న జపానువాళ్లు రంగం మీద బాంబులేశారు. ఓడలు దొరకనివాళ్లు లక్షల మంది ఆరకాను కొండల మీదుగా, మణిపురం అడవుల మీదుగా నడిచొచ్చారు. దారిలో పడిపోయినవాళ్లకు లెక్కలేదు. 1962లో బర్మాలో సైనిక పాలన వచ్చాక మిగిలినవాళ్లూ కట్టుబట్టలతో తిరిగొచ్చారు. విశాఖ కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అనే పేట అలా వచ్చిందే.

బర్మాలో తెలుగువాళ్లను కోరంగి రేవు పేరు పెట్టి కోరంగీలు అనేవారు. మలయా వైపు దక్షిణాదివాళ్లందర్నీ కెలింగ్ అనేవారు, అది కళింగం నుంచి పుట్టిన మాట. కళింగమంటే మనం. శ్రీముఖలింగమే ఒకనాటి కళింగనగరమని అక్కడి శాసనాలు చదివి వాదించినవారు ఆ ఊరి పక్క పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు. అంత చరిత్రున్న పేరు మలేసియాలో నేడు తిట్టు. సింగపూరులో ఆ పేరుతో ఉన్న వీధికి 1920ల్లో వేరే పేరు పెట్టాల్సివచ్చింది. మన నేల పేరూ మన జీతం పేరూ, రెండూ సముద్రం దాటాకే తిట్లయ్యాయి. వీటిని తిట్లు చేసింది మనతో పని చేయించుకున్నవాళ్లే.

మా రోజుల్లో ఇక్కడ అంతా సవ్యంగా ఉండేదని చెబితే అబద్ధమవుతుంది. ఆడకూలికీ మగకూలికీ తేడా ఉండేది. పక్కపక్కనే వంగి నాటిన ఇద్దరిలో ఆడమనిషికి తక్కువ కొలిచేవారు. ఒకే పనికి ఒకే కూలి ఉండాలన్న చట్టం 1976 దాకా రాలేదు. కంబారులను, అంటే పాలేర్లను, ఏడాదికి కుదుర్చుకునేవారు, తండ్రి చేసిన అప్పు కొడుకు నెత్తిన పడేది. కాళీపట్నం రామారావు మాస్టారి "యజ్ఞం" కథ చదివినవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు. మురపాకలో పుట్టి, ఈ జిల్లా మట్టిని తెలిసిన మనిషి కాబట్టే అంత ముక్కుసూటిగా రాయగలిగారు.

అయితే ఆ రోజుల్లో కూలికోసం నిలబడ్డవాళ్లూ ఉన్నారు. మా తరానికి వాళ్లను చూసిన జ్ఞాపకం ఉంది. వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు బడి పంతుళ్లు పార్వతీపురం కొండల్లో గిరిజన సంఘం పనిలో దిగారు. పాలేర్ల జీతాలు పెంచాలి, షావుకార్ల అప్పుల లెక్కలు తేలాలి, పోయిన భూములు తిరిగిరావాలి. వాళ్లు మొదట అడిగినవి ఇవే. 1967 అక్టోబరు 31న లేవిడిలో భూస్వాముల మనుషులు కాల్చిన తుపాకులకు కోరన్న, మంగన్న బలయ్యారు. ఆ తరవాత నడిచిన సాయుధ పోరాటం సంగతి దేశమంతా ఎరుగుదురు. 1970 జులైలో ఆ ఇద్దరు పంతుళ్లూ పోలీసు కాల్పుల్లో పోయారు. వాళ్ల దారి మంచిదా కాదా అన్నది ఎవరి అభిప్రాయం వారిది. కానీ దాని వేరు దగ్గర చూస్తే, చేసిన పనికి కొలవని కూలి కనపడుతుంది.

ఇప్పటి సంగతి ఏమిటి? ఇప్పుడు కూలి అనే మాట చాలామంది నోట రాదు. లేబర్ అంటారు, మేన్‌పవర్ అంటారు. "ఇద్దరు లేబర్ని పంపండి" అని ఫోన్లో చెబుతారు, ఇటుకలతో పాటు మనుషుల్నీ ఆర్డరిస్తారు. కోపమొస్తే "లేబర్‌గాడు" అని తిడతారు. తిట్టేవాళ్లలో చాలామంది తాతలు రంగం రేవులో మూటలు మోసినవాళ్లే. ఇంగ్లీషువాడు మన తాతను ఏ చూపు చూశాడో, ఆ చూపే మనం అరువు తెచ్చుకుని పక్కవాడిమీద వాడుతున్నాం. నాకు అన్నిటికన్నా కంపరం కలిగించేది ఇదే.

బళ్లో మేం చేరేటప్పుడు రిజిస్టరులో తండ్రి వృత్తి అనే గడి ఉండేది. మా తోటివాళ్లు సగంమంది "కూలి" అని రాయించుకున్నారు. మేష్టారు అదే గొంతుతో చదివేవారు, "వ్యవసాయం" అని చదివిన గొంతుతోనే. నేను పంతులునయ్యాక చాలా ఏళ్లు ఆ గడి నా చేత్తోనే నింపాను. రానురాను పిల్లలు తండ్రి పని చెప్పడానికి నసగడం మొదలెట్టారు. తల్లి పొద్దున్నే ఉభాలకెళ్లిన పిల్ల "అమ్మ ఖాళీగా ఉంటుంది" అని చెప్పేది. తండ్రి హైదరాబాదులో సెంట్రింగు పనిచేస్తుంటే "ప్రైవేటు జాబ్" అని రాయమనేవాడు కొడుకు. ఆ పిల్లలది తప్పు కాదు. మా మేష్టార్లూ మమ్మల్ని తిట్టేవారు, చదువు రాకపోతే గొడ్లు కాసుకోడానికి పొమ్మనేవారు. అదీ మంచి మాట కాదు. కానీ "చదవకపోతే మీ అమ్మలాగా కూలికి పోతావు" అని పదిమందిలో అనే టీచర్లు ఇప్పుడున్నారు. ఆ పిల్ల ఫీజు ఏ కూలి డబ్బుతో కట్టారో వాళ్లకు పట్టదు.

సంక్రాంతికి పలాస, ఆమదాలవలస, విజయనగరం స్టేషన్లలో దిగే జనాన్ని చూడండి. హైదరాబాదు, చెన్నై, బెంగళూరు నుంచి వచ్చినవాళ్లతో మన పల్లెలు ఆ మూడు నాలుగు రోజులే నిండుతాయి. కనుమ దాటగానే మళ్లీ మూటలు. రంగం మేస్త్రీ పోయాడు, గుంపు మేస్త్రీ వచ్చాడు. అడ్వాన్సు అదే, వాటా అదే, లెక్క తేలకపోవడమూ అదే. మా వీధిలో ఒక కుర్రాడు పట్నంలో ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేసి పండగకి ఉత్తచేతుల్తో వచ్చాడు. "కూలెందుకు ఇవ్వలేదురా?" అని అడిగితే, "కూలి కాదు తాతగారూ, పేమెంటు. పెండింగులో ఉంది" అన్నాడు. ఆ కాంట్రాక్టరు పేరేమిటో వాడికి సరిగ్గా తెలియదు. మా ఊళ్లో బుగత కూలి ఎగ్గొడితే అతని అరుగు మీద కూర్చునేవారు. వీడు ఏ అరుగు మీద కూర్చోవాలి?

2014 జూన్ 28న చెన్నై దగ్గర మౌలివాక్కంలో కడుతుండగానే పదకొండంతస్తుల భవనం కూలిపోయింది. 61 మంది చనిపోయారు. అందులో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు, మొగుడూ పెళ్లాలు కలిసి వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు. రాష్ట్రం దాటి పనికెళ్లేవాళ్ల పేర్లు నమోదుచెయ్యాలని 1979లోనే కేంద్ర చట్టం వచ్చింది. ఆ చట్టం ఉండగానే ఆ శిథిలాల కింద ఎవరెవరున్నారో తేలడానికి రోజులు పట్టింది. మన సముద్రం ఒడ్డు పల్లెకారులూ అంతే. ఇక్కడ జెట్టీలు లేక, బోట్ల మీద కూలికి గుజరాతులోని వేరావల్ వెళ్తారు. 2018లో పాకిస్తాను వాళ్లకు చిక్కి, 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలైనవాళ్లు మన ఊళ్లవాళ్లే. దానిమీద సినిమా వచ్చింది, జనం చప్పట్లు కొట్టారు. వాళ్ల ఊళ్ల నుంచి వేరావల్ ప్రయాణాలు మాత్రం ఆగలేదు.

సినిమాలు మాట్లాడితే ఇంకో ముక్క చెప్పాలి. 1991లో కూలీ నెంబర్ వన్ వచ్చింది, 2025లో కూలీ అని రజనీకాంత్ సినిమా వచ్చింది. తెరమీద కూలీ వీరుడు, ఈల వేస్తాం. హాలు బయట సామాను మోసేవాడితో పది రూపాయలకు బేరమాడతాం.

2016 రైల్వే బడ్జెట్లో స్టేషన్ కూలీలను ఇకమీదట సహాయక్ అని పిలవాలన్నారు. పేరు మార్చాలన్న ఆలోచనలో మర్యాద ఉంది, కాదనను. కానీ ఎర్రచొక్కా వేసుకుని చేతికి ఇత్తడి బిళ్ల కట్టుకున్న ఆ మనిషికి రైల్వే జీతం లేదు. లైసెన్సు మాత్రమే ఉంది. చక్రాల సూట్‌కేసులొచ్చాక, మెట్లకు బదులు లిఫ్టులొచ్చాక అతని మోతకూలి పడిపోయింది. బిళ్లమీద మాట మారింది, జేబులో పడేది పెరగలేదు. మాట మార్చడం తేలిక, అందుకే ముందు అదే చేస్తారు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో పని చేసిన 15 రోజుల్లో కూలి చెల్లించాలని రాశారు. మా వైపు చెరువు పనులకు ఎండలో దిగిన ఆడవాళ్లు ఆ డబ్బుకోసం బ్యాంకు చుట్టూ, పోస్టాఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో చూసినవాణ్ణి. చట్టానికి దేశమంత పెద్ద పేరున్నా, కూలి సాయంత్రానికి చేతిలో పడేలా చెయ్యలేకపోయింది.

ఈ మాట తగిలి దెబ్బతిన్న జనం మాత్రం ఊరుకోలేదు. మారిషస్ కవి ఖల్ తొరాబుల్లీ కూలీ అనే తిట్టులోంచే కూలిట్యూడ్ అనే మాట పుట్టించాడు, ఓడలెక్కిన తమ పూర్వీకుల బతుకును తలెత్తుకుని చెప్పుకోవడానికి. గయానాలో పుట్టిన గాయుత్రా బహదూర్ 1903లో కలకత్తా నుంచి ఓడెక్కిన తన ముత్తవ్వ కథను వెతికి 2013లో పుస్తకం రాసింది. దానికి పెట్టిన పేరు కూలీ వుమన్. ఆమె ఆ మాటను దాచలేదు, మార్చలేదు. ఆ పేరుతో ఎవరేం చేశారో లెక్క చెప్పమని అడిగింది. ఏడు సముద్రాల అవతలివాళ్లకున్న ఆ తెగువ ఈ మాట పుట్టిన గడ్డమీద మనకెందుకుండకూడదు?

కాబట్టి మనవాళ్లకు నేను చెప్పేది ఇది. మారిషస్‌లో, నాటాల్‌లో ఆ మాట గాయం. అక్కడివాళ్లను ఆ పేరుతో పిలవొద్దు. ఇక్కడ కూడా మనిషిని పట్టుకుని కూలీ అని కేకెయ్యొద్దు, అతనికో పేరుంది, అన్నా అని పిలవండి, అమ్మా అని పిలవండి. కానీ కూలి అనే మాటను మాత్రం వదిలెయ్యొద్దు. పేమెంటు, సెటిల్‌మెంటు, పెండింగు అనే మాటల చాటున అది దాక్కోనీయొద్దు. పనికి దిగేముందు "కూలెంత?" అని గట్టిగా అడగండి. మా ఊరి ఆడవాళ్లు అడిగినట్టే మడిగట్టు మీద నిలబడి అడగండి, చదువుకుని ఆఫీసుల్లో చేరినవాళ్లూ అడగండి. నెలాఖరున మీరు పుచ్చుకునేదీ కూలే, దానికి ఇంగ్లీషు పేరున్నంత మాత్రాన అది మారదు.

టీచరమ్మలకూ మేష్టార్లకూ నా మనవి: కూలి పేరు చెప్పి పిల్లల్ని బెదిరించకండి. మీ బడిగోడ కట్టింది కూలిజనం, మీ క్యారేజీలో అన్నం పండించింది కూలిజనం. తల్లి ఏం పని చేస్తుందని అడిగితే పిల్ల తలెత్తి జవాబు చెప్పేలా చదువు చెప్పండి. పని చేయించుకునేవాళ్లకు చెప్పేది ఇంకా చిన్న మాట. పొద్దుగూకేలోగా కూలి ఇచ్చెయ్యండి. పూర్తిగా ఇవ్వండి, ఆడా మగా తేడా లేకుండా ఇవ్వండి. అది దానం కాదు, మీ బాకీ.